నీటి చర్చ

తప్పు నాదే.
ఖాదర్‌వలీ ఫ్లెక్సీ ప్రూఫు వాట్సాప్‌లో పంపినప్పుడు
పింఛన్ల జాబితాలో తల దూర్చి ఉన్నాను.
చదవకుండానే బొటనవేలి బొమ్మ ఒకటి కొట్టాను.

తెల్లారి పెద్దపంజాణి మండలాఫీసు ముందర
పసుపు మీద ఎర్రక్షరాలు:
‘జీవసాంకేతికతపై ప్రజల నీటి చర్చ.’
ఒత్తు పోలేదు, దీర్ఘం పోలేదు.
‘తి’ కూర్చోవాల్సిన చోట ‘టి’ కూర్చుంది, అంతే.

పైనుంచి మంజూరైంది పద్దెనిమిది వేల నాలుగొందలు.
షామియానా, మైకు, నూటయాభై మందికి ఉప్మా, టీ.
మార్చి ముప్పై ఒకటిలోగా అడక్కపోతే
ప్రజాభిప్రాయం మురిగిపోతుంది.
అంటే, నిధులు.

నీతికయితే ఎవరొచ్చేవాళ్లో నాకు తెలుసు:
సర్పంచులిద్దరు, ఉప్మా కోసం అటెండరు.
నీళ్లనేసరికి
గుట్టల కింది పల్లెల నించి ఆటోలు ఆటోలుగా దిగారు.
ఖాళీ బిందెలు, ఎండిన బోర్ల రసీదులు.
ఒకాయన వెయ్యడుగుల లోతున దొరికిన తెల్లటి రాతిపొడిని
తువ్వాల్లో మూటగట్టి తెచ్చాడు, సాక్ష్యానికి.

తిరుపతి నించి వచ్చిన డాక్టర్ ప్రసూన
ఫ్లెక్సీని చూసింది, జనాన్ని చూసింది, నన్ను చూసింది.
ముప్పై స్లైడ్లు గబగబా దాటేసి
ఒక చెనిక్కాయ చెట్టు దగ్గర ఆగింది.
“దీని లోపలి రాతలో ఒక్క అక్షరం దిద్దాం.
మూడు వానలు తప్పినా వాడిపోదు.”
నేను తలెత్తి ఫ్లెక్సీ వంక చూడలేదు.

రెడ్డెప్ప లేచాడు:
“విత్తనం దాంచుకోవచ్చునా, ఏటికేడు కొనాల్నా?”
మేడం కాసిన్ని నీళ్లు తాగి, “అది ఇంకా తేలలేదు” అంది.
రాసుకున్నాను.
“కట్టె ఆవులు తింటే పాలల్లోకి వస్తాదా?”
రాసుకున్నాను.
“ట్యాంకరు బిల్లు ఎప్పుడిస్తారు?”
రాసి, కొట్టేశాను.

వెనక వరసలో మునిలచ్చుమ్మ
ఉప్మా ప్లేటు కింద పెట్టి, మైకు వద్దని చెయ్యూపి,

“మ్మేయ్ పాపా,
చెట్టుకు దప్పి తెలీకుండా జేసినామంటాండావు.
మంచిదే.
ఆ దప్పి యాడికి పోయింది మల్ల?
మా ఇంటాయన పొయ్యేముందర మూడు దినాలు నీళ్లడగలే.
అడగలేదు గదా అని మేమూ పొయ్యలే.
నోరు తెరిసి సూస్తే నాలిక చెక్కయిపోయుండాది.
అడగనోళ్లకి ఎవురు పోస్తారు నీళ్లు?
రేపు చెట్టూ అడగదు, చేనూ అడగదు.
మేం మాత్రం అడగతానే ఉంటే
మమ్మల్ని గూడా దిద్దుతారా?”

షామియానా గుంజ కిర్రుమంది.
మేడం ‘మంచి ప్రశ్న’ అనలేదు. అది నాకు నచ్చింది.
వేదిక దిగి, చెప్పులు పక్కన పెట్టి, ఆమె ముందు చాప మీద కూర్చుంది.
“నాకు తెలీదమ్మా,” అంది.
“ఆకు వాడేదొక్కటే కొలిచాం మేము.”

నివేదికలో నాలుగు గడులు:
హాజరు. అనుకూలం. ప్రతికూలం. ఖర్చు.
మునిలచ్చుమ్మను ప్రతికూలంలో రాశాను.
‘మంచిదే’ అంది కదా, కొట్టేశాను.
అనుకూలంలో రాయడానికి చెయ్యి రాలేదు.
చివరికి ఖర్చు కింద, ఉప్మా, జనరేటర్ డీజిల్ తర్వాత,
ఒక వరస చేర్చాను:
‘ప్రశ్న, ఒకటి. జవాబు ఇంకా చెల్లించలేదు.’

ఆడిట్‌వాళ్లు ఎర్రసిరాతో సున్నా చుట్టి
సవరించి పంపమన్నారు.
ఫైలు నా సొరుగులోనే ఉంది.

ఈ ఏడూ నిధులొచ్చాయి.
ఖాదర్‌వలీ నిన్న సాయంత్రం ప్రూఫు పంపాడు.
ఈసారి అక్షరమక్షరం కూడబలుక్కుని చదివాను.
ఒక్క తప్పు లేదు. ‘నీతి’ అనే ఉంది.
కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయినా
బొటనవేలు గాల్లోనే పెట్టుకుని
కూర్చునున్నాను.